విగ్మోర్ హాల్ పియానో సీజన్: కర్ణాటక కచేరీలకు అలవాటుపడ్డ చెవి ఏ ఆరింటిని ఎంచుకోవాలి?

ప్రశ్న: కృష్ణలంక

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో పెరిగాను. రెండేళ్ళుగా ఉద్యోగరీత్యా లండన్‌లో, ఈస్ట్‌హామ్‌లో ఉంటున్నాను. వయసు ముప్పై ఒకటి. మా అమ్మ వీణ వాయిస్తారు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు శ్రుతి చేసుకుంటూ ఉండేవారు కాబట్టి నాకు పాట రాకపోయినా రాగం మారితే తెలుస్తుంది, తాళం తప్పితే చిరాకు వేస్తుంది. పాశ్చాత్య సంగీతం మాత్రం సినిమా పాటల నేపథ్యంలో విన్నంతే.

పోయిన చలికాలంలో ఒక సహోద్యోగి నన్ను ఒక ఆదివారం ఉదయం విగ్మోర్ హాలుకు తీసుకువెళ్ళారు. వేదిక మీద పెద్ద నల్లటి పియానో, దాని ముందు కూర్చోవడానికి చిన్న బల్ల తప్ప ఇంకేమీ లేవు. మైకు కూడా లేదు. ఒకావిడ వచ్చి, ఎదుట కాగితమైనా లేకుండా గంటసేపు వాయించి, తల వంచి నమస్కరించి వెళ్ళిపోయారు. మొదటి భాగం ముగియగానే నేను చప్పట్లు కొట్టాను. రెండు చరుపులు చరిచాక గాని తెలియలేదు, హాలు మొత్తంలో కొడుతున్నది నేనొక్కణ్ణేనని. కార్యక్రమం తరువాత అందరికీ కాఫీయో షెర్రీయో ఇచ్చారు. కప్పు చేత్తో పట్టుకుని ఇంతకీ నేను విన్నదేమిటని ఆలోచిస్తూ ఒక మూల నిలబడ్డాను. నచ్చలేదని అనను. కొన్ని చోట్ల ఒళ్ళు పులకరించింది. అయితే అంతసేపూ నేను ఎక్కడున్నానో, ఎటు పోతున్నానో మాత్రం అంతుపట్టలేదు.

సెప్టెంబరు నుంచి జూలై దాకా సాగే కొత్త సీజన్ పుస్తకం ఇప్పుడు నా ముందు ఉంది. అందులో ఒక్క పియానో మాత్రమే ఉన్న సాయంత్రాలే లెక్కకు మించి కనిపిస్తున్నాయి. వాటికింద ఇచ్చిన వివరాలు చూస్తే కోర్టు గుమ్మం దగ్గర అతికించిన కేసుల జాబితాలాగా ఉన్నాయి: ఓపస్ 110, డి. 960, కె. 310, బి.డబ్ల్యు.వి. 988. డబ్బూ సమయమూ చూసుకుంటే నేను ఆరింటికి మించి వెళ్ళలేను. ఏ ఆరు? పేరున్న విద్వాంసులను చూసి ఎంచుకోవాలా, వాయించే రచనను చూసి ఎంచుకోవాలా? ముందుగా విని వెళ్ళాలా, వినకుండా వెళ్ళాలా? ఎక్కడ కూర్చోవాలి?

వీటన్నిటికీ అడుగున ఇంకొక సందేహం ఉంది, అడగడానికి కొంచెం సంకోచంగా ఉన్నా అడుగుతున్నాను. పక్కవాద్యం లేదు, సాహిత్యం లేదు, రాగాలాపన లేదు, కల్పనస్వరాలు లేవు. రాసి ఉన్నది రాసి ఉన్నట్లు వాయిస్తారు. అలాంటప్పుడు ఒకే రచనను వేరువేరు మనుషుల దగ్గర మళ్ళీ మళ్ళీ వినడానికి జనం డబ్బిచ్చి ఎందుకు వస్తున్నారు?

జవాబు: పాతికేళ్ళ శ్రోత

కృష్ణలంక గారూ, మీ చివరి సందేహం నుంచే మొదలుపెడతాను. అది తేలితే ఏ ఆరు అన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది.

దారి తప్పినట్లు మీకు అనిపించడానికి కారణం తంబూరా లేకపోవడం. మాటవరసకు అనడం లేదు, నిజంగా అదే కారణం. మన కచేరీలో షడ్జం మొదటి నుంచి మంగళం దాకా ఒకే చోట మోగుతూ ఉంటుంది, గాయకుడు ఎంత దూరం వెళ్ళినా ఆ దూరాన్ని మనం దాని నుంచే కొలుస్తాం. సొనాటాలో, అంటే కొన్ని భాగాలుగా సాగే పెద్ద వాద్యరచనలో, షడ్జమే కదులుతుంది. ఒక స్వరాన్ని ఇల్లుగా చేసుకుని మొదలుపెట్టి, కాసేపటికి వేరొక స్వరాన్ని ఇల్లుగా చేసుకుని, ఇంకెక్కడెక్కడికో పోయి, చివరికి మొదటి ఇంటికి తిరిగి రావడమే అక్కడ కథ. మన గ్రహభేదం, అంటే రాగంలోని వేరొక స్వరాన్ని షడ్జంగా చేసుకుని ఇంకొక రాగాన్ని చూపించడం, దీనికి దూరపు బంధువు. కాకపోతే గ్రహభేదం మనకు అరుదైన చమత్కారం, విద్వాంసుడు ఒక నిమిషం చూపించి వెనక్కి వచ్చేస్తాడు. సొనాటా అంతా ఆ ప్రయాణం మీదే నిలబడి ఉంటుంది. మీ చెవి ఆ ఆదివారం గంటసేపు తంబూరాను వెతుక్కుంటూ ఉండిపోయిందన్నమాట.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మీ జాబితాలోని డి. 960 అన్నది ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ రాసిన చివరి సొనాటా. అందులో ‘డి’ అంటే, ఆయన రచనలన్నిటికీ కాలక్రమంలో సంఖ్యలిచ్చి 1951లో సూచికను ప్రచురించిన ఓటో ఎరిక్ డాయిచ్ పేరులోని మొదటి అక్షరం. 1828 సెప్టెంబరులో షూబర్ట్ ఈ సొనాటా పూర్తిచేశారు, నవంబరు 19న చనిపోయారు. అప్పటికి ఆయన వయసు మీ వయసే. శ్రుతి బి ఫ్లాట్, స్వరాలు మనం శంకరాభరణమని పిలిచేవే. ఎంతో మెల్లగా, నలుగురూ కలిసి పాడే ప్రార్థనలాగా మొదలవుతుంది. ఒక వాక్యం పూర్తికాబోతుండగా, ఎక్కడో అడుగున, మంద్రానికి కూడా కింద, ఒక స్వరం గుడగుడమని వణికి ఆగిపోతుంది. దాన్ని ట్రిల్ అంటారు, పక్కపక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి మోగించడం. మీ చెవితో జాగ్రత్తగా వింటే ఆ వణికేది శుద్ధధైవతం. శంకరాభరణంలో శుద్ధధైవతం ఎక్కడిది? అన్యస్వరం, ఆ రాగానికి చెందనిది. దాని తరువాత నిశ్శబ్దం. ఆ తరువాత ఏమీ జరగనట్లే ప్రార్థన మళ్ళీ మొదలవుతుంది. ఇంకొంతసేపటికి ఏమవుతుందో చూడండి: ఆ అన్యస్వరమే కొత్త షడ్జమై కూర్చుంటుంది, అదే పాట ఆ కొత్త ఇంట్లోంచి వినిపిస్తుంది. గుమ్మంలో అపరిచితుడిలాగా కనిపించినవాడు ఇంటి యజమాని అయిపోయాడు. సొనాటా మిగతా నలభై నిమిషాలూ ఆ మొదటి నిమిషంలో పడిన విత్తనం నుంచి మొలిచినవే అని నా నమ్మకం.

ఇక రాసి ఉన్నదే వాయిస్తారు కదా అన్న మాట. ఆ ట్రిల్ ఎంత మెల్లగా ఉండాలో షూబర్ట్ రాశారు గాని, దాని తరువాతి నిశ్శబ్దం ఎంత బరువుగా ఉండాలో ఎవరు రాయగలరు? మొదటి భాగాన్ని ఏ కాలంలో నడపాలన్న దాని మీదే విద్వాంసుల మధ్య ఎంత తేడా ఉందంటే, స్వియతొస్లావ్ రిక్టర్ ఆ ఒక్క భాగానికే ఇరవై నిమిషాలకు పైగా తీసుకునేవారు. ఇంకొక తగవు కూడా ఉంది. మొదటి భాగంలో తొలి మూడో వంతును మళ్ళీ మొదటి నుంచి వాయించమని షూబర్ట్ గుర్తు పెట్టారు. అలా వెనక్కి వెళ్ళేందుకు తొమ్మిది బార్లు, అంటే మన లెక్కలో తొమ్మిది చిన్న ఆవర్తనాలు, విడిగా రాశారు. వెనక్కి వెళితేనే అవి వినబడతాయి. అంతసేపూ గుసగుసలాడిన ఆ మంద్రపు ట్రిల్ ఆ తొమ్మిదింటిలోనే ఒక్కసారి గర్జిస్తుంది. ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ ఆ పునరావృత్తి అనవసరమని వాదించి వదిలేసేవారు. రిక్టర్ వదలలేదు. వదిలినవారి దగ్గర మీరు ఒక సొనాటా వింటారు, వదలనివారి దగ్గర ఇంకొకటి వింటారు. ‘ఎందరో మహానుభావులు’ పదిమంది దగ్గర విన్నాక పదకొండోవారి దగ్గర ఎందుకు వింటామో, ఇక్కడివాళ్ళూ అందుకే వస్తారు. మనోధర్మం ఉంది, కాకపోతే అది స్వరాల ఎంపికలో కాక వాటి మధ్య ఎడంలో, బరువులో, ఊపిరిలో ఉంటుంది.

అందుచేత నా సలహా ఇది. పేరును కాక రచనను చూసి ఎంచుకోండి, ఆరింటిలో రెండు ఒకే రచనకు ఇవ్వండి. డి. 960 వాయించనివాళ్ళు తక్కువ, ఈ హాలు సీజన్‌లో అది రెండుసార్లు కనబడితే నాకేమీ ఆశ్చర్యం ఉండదు.

అయితే దానితో మొదలుపెట్టకండి. మొదటిది మీ జాబితాలోని బి.డబ్ల్యు.వి. 988 కావాలి. అది బాఖ్ 1741లో అచ్చువేయించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లు. ఒక చిన్న ఆరియా, అంటే పాటలాంటి రచన, దాని మంద్రపంక్తి మీద అల్లిన ముప్పై రూపాలు, చివర మళ్ళీ అదే ఆరియా. అన్నిటికీ జి స్వరమే ఇల్లు. ప్రతి రూపం లోపలా కాస్త అటూ ఇటూ తిరిగినా ముగిసేసరికి ఇంటికి చేరుతుంది. మూడు మాత్రం అదే జి మీద మైనర్ ఛాయలో ఉంటాయి. ఒకే పల్లవికి సంగతి మీద సంగతి వేస్తూ పోయే పద్ధతికి అలవాటుపడినవారికి ఇంతకంటే మంచి గుమ్మం లేదు. పునరావృత్తులన్నీ వాయిస్తే గంటా ఇరవై నిమిషాల దాకా పడుతుంది, విరామం ఉండదు కాబట్టి ముందే నీళ్ళు తాగి కూర్చోండి. తరువాత డి. 960 ఒకసారి. ఆ తరువాత షోపాన్ ఓపస్ 28 (ఓపస్ అంటే స్వరకర్త రచనల వరుససంఖ్య), ప్రెలూడ్లు అనే ఇరవైనాలుగు చిన్న రచనలు. ఇరవైనాలుగు శ్రుతులు, ఒక్కొక్కటి నిమిషమో రెండు నిమిషాలో, అంతా కలిపి నలభై నిమిషాలు. ఇల్లు మారిందని గమనించేలోపే ఇంకొక ఇంట్లో ఉంటారు. ఈ మూడూ విన్నాక డి. 960 రెండోసారి వినండి. మిగిలిన రెండూ మీ ఇష్టం.

టిక్కెట్ల సంగతి. మీకు 35 ఏళ్ళు నిండలేదు కాబట్టి ఈ హాలులో చాలా కార్యక్రమాలకు అయిదు పౌండ్ల టిక్కెట్టు దొరుకుతుంది. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు బీబీసీ రేడియో 3 నేరుగా ప్రసారం చేసే గంట కార్యక్రమం ఉంటుంది, ఆఫీసు దగ్గరలో ఉంటే భోజనం మానేసి వెళ్ళవచ్చు. అన్నీ అమ్ముడుపోయాయని కనిపించినా నిరాశపడకండి. వెనక్కి వచ్చిన టిక్కెట్ల కోసం ఆ సాయంత్రమే వెళ్ళి వరుసలో నిలబడితే చాలాసార్లు దొరుకుతాయి.

జవాబు: మారేడుపల్లి మీటలు

నేను సికింద్రాబాద్‌లో చాలా ఏళ్ళుగా పియానో నేర్పుతున్నాను. పై జవాబుతో ఏకీభవిస్తూ, వాద్యం గురించి రెండు మాటలు చేరుస్తాను. సంగీతం గురించి ఎంత చదివినా, ఆ పెట్టె ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియకపోతే వాయించేవారి కష్టం వినబడదు.

వీణ మీద మీటాక ఆ స్వరాన్ని తీగ లాగి వంచవచ్చు, ఊపవచ్చు. పియానోలో అది కుదరదు. మీట నొక్కితే లోపల ఉన్నిగుడ్డ చుట్టిన సుత్తి ఎగిరి తీగను తాకుతుంది. తాకే ముందు చివరి క్షణంలో ఆ సుత్తికీ మీటకూ సంబంధం తెగిపోతుంది కూడా. రాయి విసిరినట్లే, చెయ్యి వదిలాక ఇక చేయగలిగింది లేదు. స్వరం పుట్టిన క్షణం నుంచే చచ్చిపోవడం మొదలుపెడుతుంది. అలాంటి 88 మీటలతో గొంతు సాగినట్లు, ఊపిరి ఆగనట్లు భ్రమ కల్పించాలి. ఒక స్వరం ఎంతగా తగ్గిందో చెవితో పట్టుకుని తరువాతి స్వరాన్ని సరిగ్గా ఆ తగ్గిన చోటి నుంచి ఎత్తుకుంటేనే రెండూ కలిసిపోతాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ ఒక్క పని రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. కొందరికి ఎప్పటికీ రాదు.

పాదాల వైపు కూడా చూడండి. కుడి పెడల్ తొక్కితే తీగల మీద నుంచి అణచే దిండ్లన్నీ లేచిపోయి స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. మంచి విద్వాంసులు దాన్ని పూర్తిగా తొక్కడం తక్కువ, సగం, పావు, వణుకు, ఇలా రకరకాలుగా వాడతారు. ఎడమ పెడల్ తొక్కితే కచేరీ పియానోలో మీటల వరుస మొత్తం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. అప్పుడు ఒక్కొక్క స్వరానికి ఉన్న మూడు తీగలలో రెంటిని మాత్రమే సుత్తి తాకుతుంది. ధ్వని తగ్గడమే కాదు, రంగు మారుతుంది. ముందు వరుసలో కూర్చుంటే మీటలు జరగడం కంటికి కూడా కనబడుతుంది.

మీ చెవిని ఇబ్బంది పెట్టే ఇంకొక విషయం ఉంది. పియానోలో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. అందువల్ల అంతరగాంధారం, తంబూరాలో తనంతట తాను పలికే గాంధారం కంటే కొంచెం హెచ్చుగా, ఒక అర్ధస్వరంలో సుమారు ఏడో వంతు మేరకు హెచ్చుగా ఉంటుంది. మీ అమ్మగారు వింటే వెంటనే ముఖం చిట్లిస్తారు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను దూరం పెట్టడానికి చెప్పిన కారణాలలో ఇలాంటిదే ఒకటి. అయినా మన పద్యనాటకం అదే హార్మోనియం మీద బతికింది, ఆ హెచ్చు గాంధారం వల్ల ఏ శ్రోతా లేచి వెళ్ళిపోలేదు. చెవి పదిహేను నిమిషాల్లో సర్దుకుంటుంది. అన్ని శ్రుతులలోకీ స్వేచ్ఛగా తిరగాలంటే ఈ సర్దుబాటు తప్పదు కూడా. పై మిత్రులు చెప్పిన ఆ కదిలే షడ్జానికి కట్టిన సుంకం అనుకోండి.

ఎక్కడ కూర్చోవాలంటే, చేతులు చూడాలంటే వేదికకు ఎదురుగా నిలబడినప్పుడు మీ ఎడమవైపు. ముఖం చూడాలంటే కుడివైపు. ధ్వని మాత్రమే కావాలంటే మధ్యలో, వెనక వరుసలు. మీరు కొత్త కాబట్టి ఎడమవైపే కూర్చోండి. గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లలో కొన్ని పియానోకు ముందుతరం వాద్యమైన, రెండు మీటల వరుసలున్న హార్ప్సికార్డ్ కోసం రాసినవి, వాటిని ఒకే వరుస మీద వాయించేటప్పుడు చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటే తీరు చూసి తీరాలి.

అక్కడివారి అదృష్టం ఒకటి చెప్పి ముగిస్తాను. విరామంలో ఒకాయన వచ్చి శ్రుతి సరిచూసి వెళ్ళడం మీకు కనబడవచ్చు. ఇక్కడ వానాకాలం వచ్చిందంటే చెక్క ఉబ్బి మీటలు పైకి రావు, మా పియానో అడుగున చిన్న బల్బు వెలిగించి ఆ వెచ్చదనంతో చెమ్మ ఆరబెట్టుకుంటాం. పరీక్షల రోజు కరెంటు పోతే మా పిల్లలు బి ఫ్లాట్ ఉందనుకుని వాయించేస్తారు.

జవాబు: స్లౌ సూర్యారావు

పాతికేళ్ళ శ్రోత గారి మాటను గౌరవిస్తూనే, రచనను చూసి ఎంచుకోండి, పేరును కాదు అన్న చోట విభేదిస్తున్నాను. రచన ఎక్కడికీ పోదు. మనుషులు పోతారు. ఆర్థర్ రూబిన్‌స్టైన్ తన చివరి కచేరీని 1976లో ఈ హాలులోనే చేశారు, ఆ సాయంత్రం ఎవరో ‘షోపాన్ ఇంకొకసారి వింటాంలే’ అని ఇంట్లో కూర్చుని ఉంటే వారికి మిగిలేది రికార్డులే. వయసు మళ్ళిన విద్వాంసుడు మీ సీజన్‌లో ఉంటే, ఆయన ఏం వాయిస్తున్నా సరే, వెళ్ళండి. ఆరింటిలో ఒకటి దానికి కేటాయించండి.

పైగా ఇప్పుడు రచన పేరే చెప్పని విద్వాంసులు కూడా ఉన్నారు. ఆండ్రాష్ షిఫ్ కొన్నేళ్ళుగా కార్యక్రమాన్ని ముందుగా ప్రకటించడం లేదు. వేదిక మీదికి వచ్చాక, ఆ రోజు ఏది వాయించాలనిపిస్తే అది చెప్పి, దాని గురించి నాలుగు మాటలు మాట్లాడి వాయిస్తారు. ఆయన ఈ హాలులోనే బీథోవెన్ 32 సొనాటాలనూ వరుసగా వాయిస్తూ, ఒక్కొక్క దాని గురించి విడిగా ఉపన్యాసాలు కూడా ఇచ్చారు. కొత్త శ్రోతకు ఆ మాటలు బంగారం. మన సభల్లో కూడా రాగం పేరు చెప్పకుండా ఎత్తుకుంటే పక్కనున్నవారిని మోచేత్తో పొడిచి అడగడంలో ఒక ఆనందం ఉంది కదా.

ఏ కాగితమూ చూడకుండా వాయించారని రాశారు. అది మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. 1830లలో క్లారా వీక్ (తరువాత క్లారా షూమన్) బీథోవెన్‌ను చూడకుండా వాయిస్తే, ఏమిటీ అహంకారమని విసుక్కున్నవారున్నారు. అప్పట్లో ఒక్క మనిషి సాయంత్రమంతా ఒంటరిగా వాయించడమే వింత. లిస్ట్ 1840 జూన్‌లో లండన్‌లోని హానోవర్ స్క్వేర్ రూమ్స్‌లో తన కచేరీలకు ‘రిసైటల్’ అనే మాట వాడినప్పుడు, పియానో మీద ఎవరైనా పాఠం అప్పజెబుతారా అని జనం నవ్వుకున్నారు. రిక్టర్ తన చివరి ఏళ్ళలో హాలంతా చీకటి చేయించి, పియానో మీద ఒక్క దీపం పెట్టుకుని, కాగితం చూసే వాయించేవారు. కాబట్టి కాగితం ఉంటే తక్కువ, లేకపోతే ఎక్కువ అనుకోకండి.

చప్పట్ల విషయంలో సిగ్గుపడకండి. 1778లో పారిస్‌లో తన సింఫనీ మొదటి భాగం మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మోజార్ట్ సంబరంగా తండ్రికి ఉత్తరం రాశారు. ఈ నిశ్శబ్దపు మర్యాద తరువాత వచ్చి చేరింది. మా ఊరి తిరునాళ్ళలో పద్యం చివరి రాగం ఇంకా సాగుతుండగానే ‘వన్స్ మోర్’ అని కేకవేసి, నటుడి చేత మళ్ళీ పాడించుకున్న వంశంలో పుట్టినవాణ్ణి. నాకు ఇప్పటికీ ఇక్కడ చేతులు దురదపెడుతుంటాయి. విద్వాంసుడు చేతులు ఒడిలో పెట్టుకుని మన వైపు తిరిగేదాకా ఆగితే చాలు, పొరపాటు జరగదు.

కృష్ణలంక

ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. పుస్తకం మళ్ళీ తీసి చూశాను. గోల్డ్‌బెర్గ్ ఒకటి, షోపాన్ ప్రెలూడ్లు ఒకటి, డి. 960 రెండు: అక్టోబరులో ఒకరు, ఫిబ్రవరిలో ఇంకొకరు. సూర్యారావు గారి మాట మీద ఎనభై దాటిన ఒక విద్వాంసుడి సాయంత్రం. ఆరోది ఏదో ఒక సోమవారం మధ్యాహ్నం. అయిదింటికి అయిదు పౌండ్ల టిక్కెట్లే దొరికాయి, పెద్దాయనది మాత్రం దొరకలేదు, మామూలు ధర పెట్టి కొన్నాను.

ఇంకొక్క ప్రశ్న. ముందుగా రికార్డు విని వెళ్ళాలా అన్నదానికి జవాబు రాలేదు. ఇంకా, ఒక మిత్రుడు ‘బెక్‌స్టైన్ హాల్’ అన్నాడు. అదీ ఇదీ ఒకటేనా?

పాతికేళ్ళ శ్రోత

ఒకప్పుడు ఒకటే. బెర్లిన్‌కు చెందిన బెక్‌స్టైన్ పియానో కంపెనీ తన దుకాణం పక్కన దీన్ని కట్టించి 1901 మే 31న తెరిచింది. ఆ రోజు బుసోని పియానో, ఇజాయ్ వయొలిన్ వాయించారు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే జర్మన్ ఆస్తి కాబట్టి స్వాధీనం చేసుకుని 1916లో వేలం వేశారు. కట్టడానికే లక్ష పౌండ్లు అయిన హాలు, గోదాముల్లోని పియానోలతో సహా 56,500 పౌండ్లకు డెబెన్‌హామ్స్ అనే దుకాణాల సంస్థకు పోయింది. మరుసటి ఏడాది వీధి పేరు పెట్టుకుని మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు బెక్‌స్టైన్ పేరుతో అదే వీధిలో 2024లో తెరిచిన చిన్న హాలు వేరు. టిక్కెట్టు మీద పేరు చూసుకోండి, నేను ఒకసారి ఒకాయనను తప్పు గుమ్మం ముందు నుంచి వెనక్కి తీసుకొచ్చాను.

విగ్మోర్‌లో వేదిక మీద అర్ధగోళంలో బంగారు కిరణాల మధ్య సంగీతదేవతల చిత్రం ఉంటుంది. ఏమీ అర్థంకాని నిమిషాల్లో దాన్ని చూస్తూ కూర్చోవడానికి సిగ్గుపడనక్కరలేదు. అందరం చేసిన పనే. కూర్చునేది అయిదువందల యాభైమందే కాబట్టి చివరి వరుసకు కూడా మైకు లేకుండా ఆ మంద్రపు ట్రిల్ చేరుతుంది.

రికార్డు విషయం. గోల్డ్‌బెర్గ్‌లో మొదటి ఆరియా ఒక్కటే, నాలుగు నిమిషాలు, కంఠస్థం అయ్యేదాకా వినండి, మిగతాది వినకుండా వెళ్ళండి. డి. 960 మొదటిసారి అసలు వినకుండా వెళ్ళండి. రెండోసారికి ముందు ఎన్నిసార్లైనా వినండి. 2020 జూన్‌లో స్టీఫెన్ హఫ్ ఖాళీ హాలులో వాయించిన రోజు నుంచి ఈ హాలు చాలా కార్యక్రమాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రసారం చేస్తోంది, మీ అమ్మగారికి కూడా చూపించవచ్చు.

కృష్ణలంక

అక్టోబరు డి. 960 నిన్న విన్నాను, వెంటనే రాయాలనిపించింది. మారేడుపల్లి వారు చెప్పినట్లు ఎడమవైపు, అయిదో వరుస. మొదటి వాక్యం ముగుస్తుండగా ఆయన ఎడమచెయ్యి నెమ్మదిగా అటువైపు చివరికి జరగడం కనబడింది. అప్పుడే తెలిసిపోయింది, వస్తోందని. ట్రిల్ వినబడిందని చెప్పలేను, కాళ్ళకింద రైలు పోయినట్లు తగిలింది. ఆ తరువాతి నిశ్శబ్దంలో ఆయన చేతులు గాలిలోనే ఉన్నాయి. కాసేపటికి అదే పాట వేరే చోటి నుంచి మొదలైనప్పుడు ఎక్కడున్నానో నాకు మొదటిసారి తెలిసింది. శుద్ధధైవతంలో ఉన్నాను.

ఆయన వెనక్కి వెళ్ళలేదు. పునరావృత్తి లేకుండా ముందుకు సాగిపోయారు, కాబట్టి ఆ తొమ్మిది ఆవర్తనాలూ నాకు వినబడలేదు. ఇంటికి వచ్చి అమ్మకు ఫోన్‌లో మొదటి అయిదు నిమిషాలు ఒక రికార్డులో వినిపించాను. గాంధారం గురించి ఏమీ అనలేదు గాని, ‘షడ్జం చేతిలో పెట్టి, అంతలోనే లాక్కున్నాడేమిట్రా’ అన్నారు. ఫిబ్రవరి విద్వాంసురాలు వెనక్కి వెళతారో లేదో కనుక్కోవడానికి ఆవిడ పాత రికార్డు వెతికాను. వెళ్ళారు. ఆ చోటు రాగానే ఆపేశాను, మిగతాది హాలులోనే వింటాను.